70,000 అడుగుల ఎత్తులో కాక్‌పిట్: అద్దం మూసే ఉంటుంది కదా, మరి ఆ సూట్ ఎందుకు?

దేవరకొండ మామ · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అక్క బిడ్డ ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పైలట్ కావాలని గట్టి పట్టుదల. 2023 ఫిబ్రవరిలో అమెరికా మీదికి చైనా బెలూన్ వచ్చినప్పుడు యూ-2 నిఘా విమానం పైలట్ పైనుంచి ఒక సెల్ఫీ తీశాడు, గుర్తుందా? కింద తెల్లటి బెలూన్, పక్కన పైలట్ హెల్మెట్. ఆ ఫొటో చూసినప్పటి నుంచి నా ప్రాణం తీస్తోంది. మనం ఎక్కే విమానం 35,000 అడుగుల్లో పోతుంది, మనం మామూలు బట్టలతోనే కూర్చుంటాం. యూ-2 కాక్‌పిట్ కూడా మూసే ఉంటుంది కదా, లోపల గాలి నింపితే సరిపోదా, వ్యోమగామి లాంటి సూట్ ఎందుకు? పది గంటలు అందులో ఎట్లా కూర్చుంటారు, ఏం తింటారు? కింద కనిపించేదేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. ప్రింట్ తీసి ఇస్తాను.

కల్వకుర్తి మాజీ ఫిట్టర్ · శనివారం రాత్రి 9:55

మంచి ప్రశ్న. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. యూ-2 మీద పని చేయలేదు కానీ కాక్‌పిట్ ప్రెషర్, ఆక్సిజన్ సంగతులు నా చేతుల మీదుగా నడిచినవే.

ప్యాసింజర్ విమానంలో గాలి ఒత్తిడిని సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండేంత స్థాయిలో పట్టి ఉంచుతారు. దానికి విమానం డొక్క బలంగా ఉండాలి. లోపలి గాలి ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. బలం కావాలంటే బరువు పెరుగుతుంది. యూ-2 డిజైన్ చేసిన కెల్లీ జాన్సన్ బృందం మాత్రం ప్రతి కిలోనూ లెక్క చూసుకుంది. 1955 ఆగస్టులో మొదటిసారి ఎగిరిన ఆ విమానం 70,000 అడుగులకు పోవాలంటే బరువు తక్కువ ఉండాలి, రెక్కలు పొడుగు ఉండాలి. అందుకని కాక్‌పిట్‌లో ఒత్తిడిని దాదాపు 29,000 అడుగుల స్థాయిలోనే ఉంచారు. అంటే ఎవరెస్ట్ శిఖరం ఎత్తు. అద్దం మూసి, గాలి నింపి, అన్నీ సరిగ్గా పని చేస్తున్నప్పుడే పైలట్ గంటల తరబడి ఎవరెస్ట్ ఎత్తులో కూర్చుంటాడన్నమాట! దశాబ్దాల పాటు ఇదే పరిస్థితి. 2012, 2013 ప్రాంతంలో మార్పులు చేసి దాన్ని 15,000 అడుగుల స్థాయికి దించారు.

ఇక సూట్. మామూలుగా అది వదులుగానే ఉంటుంది. కాక్‌పిట్‌కి వచ్చే గాలి ఇంజిన్ నుంచే వస్తుంది. ఇంజిన్ ఆగితే ఒత్తిడి కూడా పోతుంది. అద్దం పగిలినా అంతే. ఆ క్షణంలో సూట్ దానంతట అదే ఉబ్బి శరీరాన్ని పట్టుకుంటుంది. ఉబ్బిన తర్వాత చేయి వంచడం కూడా కష్టమే, అయినా పైలట్ ఆ చేతులతోనే విమానాన్ని దించాలి.

మిర్యాలగూడ నర్సమ్మ · శనివారం రాత్రి 10:30

ఫిట్టర్ సార్ విమానం సంగతి చెప్పారు. శరీరం సంగతి నేను రాస్తాను.

ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయని అమ్మాయి చదువుకునే ఉంటుంది. సుమారు 63,000 అడుగుల దగ్గర, అంటే 19 కిలోమీటర్ల ఎత్తున, నీళ్లు 37 డిగ్రీలకే మరుగుతాయి. మన ఒంటి వేడి అంతే కదా. దీన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ రేఖ అంటారు. దాని పైన సూట్ లేకుండా శరీరం బయటి గాలికి తగిలితే నోట్లో లాలాజలం, కంటి మీది తడి మరగడం మొదలవుతుంది. 1966లో నాసా వ్యాక్యూమ్ గదిలో సూట్ పరీక్షిస్తుండగా గాలి గొట్టం ఊడిపోయి జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్‌కి సరిగ్గా ఇదే జరిగింది. పదిహేను సెకన్ల లోపే స్పృహ పోయింది. పోయే ముందు నాలుక మీద ఉమ్మి బుడగలు రావడం తెలిసిందని ఆయనే చెప్పాడు. వెంటనే గదిలోకి గాలి వదిలారు కాబట్టి బతికాడు.

రెండోది నైట్రోజన్. మన రక్తంలో, కొవ్వులో నైట్రోజన్ కరిగి ఉంటుంది. చుట్టూ ఒత్తిడి తగ్గితే అది బుడగలై కీళ్లలో నొప్పి పుట్టిస్తుంది. మెదడుకు చేరితే చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే యూ-2 పైలట్లు ఎక్కడానికి ముందు దాదాపు గంటసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ కూర్చుంటారు, ఒంట్లోని నైట్రోజన్ బయటికి పోవడానికి. ఆ తర్వాత మధ్యలో ఒక్క గుక్క మామూలు గాలి కూడా పీల్చకూడదు. హెల్మెట్ మూసి, చిన్న ఆక్సిజన్ పెట్టె చేత్తో పట్టుకుని విమానం దాకా నడుస్తారు.

ఇంత చేసినా పూర్తి రక్షణ లేదు. 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, యూ-2 పైలట్ల మెదడు ఎంఆర్ఐలలో తెల్ల పదార్థం మీద చిన్న మచ్చలు మిగతావారికంటే చాలా ఎక్కువగా కనిపించాయి. ఫిట్టర్ సార్ చెప్పిన 15,000 అడుగుల మార్పు వెనక ఉన్నది ఈ నైట్రోజన్ బాధే. నాకైతే ఇన్నేళ్లు ఆగడం అన్యాయం అనిపిస్తుంది. కీళ్ల నొప్పి అని చెబితే ఎగరనివ్వరనే భయంతో పైలట్లు బాధ దాచుకుంటారు. మా వార్డులో కూడా కూలి పోతుందని ఛాతీ నొప్పి దాచిపెట్టి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. అమ్మాయికి ఒక్క మాట చెప్పండి, ఒంట్లో తేడా అనిపిస్తే చెప్పడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

గద్వాల లారీ డ్రైవర్ · శనివారం రాత్రి 11:20

నర్సమ్మా, చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. నాకు మాత్రం డ్రైవర్ ప్రశ్నలే వస్తాయి. ముక్కు దురద పెడితే ఏం చేస్తడు? నిద్ర వస్తే? ఒంటేలుకు ఎట్లా? పది గంటలు సీటు దిగకుండా కూర్చుంటే నడుము ఏమవుతది? రాయచూరు నుంచి హైదరాబాద్ పోయేసరికే మాకు రెండుసార్లు ఆపి దిగాలి.

కల్వకుర్తి మాజీ ఫిట్టర్ · ఆదివారం ఉదయం 6:15

తమ్ముడూ, ఇవే అసలు ప్రశ్నలు.

ముక్కు దురద పెడితే ఓర్చుకోవాల్సిందే. ముఖం ముందు అద్దం తెరవడానికి లేదు. కొందరు హెల్మెట్ లోపల ఉండే మైకుకు ముక్కు రుద్దుకుంటారు.

తిండి ట్యూబుల్లో ఉంటుంది. పళ్లు తోముకునే పేస్టు ట్యూబు కంటే కొంచెం పెద్దది, మూతికి పొడవాటి గట్టి గొట్టం బిగిస్తారు. హెల్మెట్ కింది భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది, లోపల మూత దానంతట అదే మూసుకుంటుంది. గొట్టాన్ని అందులోంచి నోటి దాకా తోసి ట్యూబు పిండుతారు. నీళ్లు కూడా ఆ దారినే. మసాచుసెట్స్‌లో నేటిక్ అనే చోట అమెరికా సైన్యం ప్రయోగశాల ఈ తిండి తయారు చేస్తుంది. మాంసం గుజ్జు, ఆపిల్ గుజ్జు, కెఫీన్ కలిపిన చాక్లెట్ పుడ్డింగ్ కూడా ఉంది. నిద్ర ప్రశ్నకు వాళ్ల జవాబు ఆ పుడ్డింగే. ట్యూబును వేడి చేసుకోవడానికి కాక్‌పిట్‌లోనే చిన్న హీటర్ ఉంటుంది. ఎస్ఆర్-71 అని ఇంకో విమానం ఉండేది, శబ్దానికి మూడు రెట్ల వేగం. 1976 జులై 28న 85,069 అడుగుల రికార్డు దానిదే. గాలి రాపిడికి దాని అద్దం ఎంత వేడెక్కేదంటే, పైలట్లు ట్యూబును లోపలి నుంచి అద్దానికి ఆనించి వెచ్చబెట్టుకునేవారు.

ఒంటేలుకు సూట్ లోపల నుంచి గొట్టం, సంచి ఉంటాయి. చాలామంది ముందు రోజు నుంచే తిండి చూసుకుని తింటారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ పొడిగా ఉంటుంది కాబట్టి గొంతు ఎండిపోతుంది, నీళ్లు తాగకపోతే ఒళ్లు నీరసిస్తుంది, తాగితే సంచి నిండుతుంది. ఆ లెక్క ఎవరికి వారే చూసుకోవాలి.

ఆక్సిజన్ ఎందుకు పొడిగా ఉండాలంటే, తేమ ఉంటే వాల్వులో గడ్డకట్టి దారి మూసేస్తుంది. మా పనిలో ఇంకో గట్టి నియమం ఉండేది. ఆక్సిజన్ లైను ముట్టుకునే చేతికి నూనె, గ్రీజు అంటి ఉండకూడదు. ఒత్తిడి మీద ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే మంటలు లేస్తాయి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తలకు నూనె రాసుకుని, తల గోక్కుని, ఆ చేత్తోనే స్పానర్ పట్టుకునేవాళ్లు. సబ్బుతో చేతులు కడిగించి, తెల్ల గుడ్డతో తుడిపించి, ఆ గుడ్డ వెలుతురులో పట్టి చూసిన తర్వాతే నట్టు తిప్పనిచ్చేవాణ్ని. పైలట్ పైన ఒంటరిగా ఉంటాడు, ఆయన పీల్చే ప్రతి శ్వాస మా చేతుల్లోంచే పోతుంది.

సూట్ తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలి. సూట్ వేసుకున్నాక వంగి విమానం చుట్టూ చూసుకోవడం కుదరదు కాబట్టి ఎగిరే ముందు తనిఖీలన్నీ ఇంకో యూ-2 పైలట్ చేసి పెడతాడు. లోపల ప్రతి స్విచ్చు సరిగ్గా ఉందని ఆయన చూసి చెప్పిన తర్వాతే వెళ్లే పైలట్ ఎక్కి కూర్చుంటాడు. వెళ్లేవాడి ప్రాణం ఉండేవాడి కళ్లలో ఉంటుంది.

నకిరేకల్ ఫిజిక్స్ సార్ · ఆదివారం ఉదయం 9:05

అమ్మాయి ఎంపీసీ అన్నారు కాబట్టి ఒక లెక్క ఇస్తాను.

21 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదానిలో సుమారు 6 శాతమే. వేగం చూపే మీటరు నిజానికి గాలి తాకిడిని కొలుస్తుంది. ఆ తాకిడి సాంద్రత మీద, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. కాబట్టి మీటరులో కనిపించే వేగానికి, అసలు వేగానికి నిష్పత్తి సాంద్రత నిష్పత్తి వర్గమూలం. 0.06కి వర్గమూలం దాదాపు 0.25. అంటే యూ-2 అసలు వేగం గంటకు 400 నాట్లు, మన లెక్కలో 740 కిలోమీటర్లు ఉంటే, పైలట్ ముందున్న మీటరు 100 నాట్లే చూపిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేగం కొంచెం తగ్గితే రెక్కల మీద గాలి పట్టు తప్పి విమానం స్టాల్ అవుతుంది. కొంచెం పెరిగితే రెక్కల మీద గాలి శబ్ద వేగాన్ని చేరి విమానం ఊగిపోతుంది, అదుపు తప్పుతుంది. కింద ఎగిరేటప్పుడు ఈ రెండు హద్దుల మధ్య వందల నాట్ల దూరం ఉంటుంది. పైకి పోయేకొద్దీ రెండూ దగ్గరవుతాయి. పాత యూ-2లలో గరిష్ఠ ఎత్తు దగ్గర ఆ సందు 10 నాట్ల లోపే. పైలట్లు దాన్ని కాఫిన్ కార్నర్, అంటే శవపేటిక మూల అంటారు. ఇప్పటి యూ-2 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 31 మీటర్లకు పైగా పొడుగు, అందుకే మలుపు తిరిగేటప్పుడు లోపలి రెక్క ఒక హద్దుకు, బయటి రెక్క ఇంకో హద్దుకు చేరువవుతాయి. ఎక్కువ సమయం ఆటోపైలట్ పట్టి ఉంచుతుంది. అది చేతులెత్తేస్తే, ఉబ్బెత్తు చేతి తొడుగులతో, హెల్మెట్ లోపల నుంచి, ఆ సన్నని సందులో మనిషే నడపాలి. ఎనిమిదో గంటలో, ఎవరెస్ట్ ఎత్తు గాలి ఒత్తిడిలో. ఇది ఊహించుకున్నప్పుడల్లా ఆ పైలట్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

సాగర్ కెమెరా · ఆదివారం ఉదయం 11:40

కింద ఏం కనిపిస్తుందన్నది నా ప్రశ్న కూడా. కొంత చదివాను కాబట్టి రాస్తున్నా.

యూ-2 ముక్కు పొడుగు, పైలట్‌కి నేరుగా కింద ఏముందో కిటికీలోంచి కనిపించదు. అందుకే పాత మోడళ్లలో డ్రిఫ్ట్‌సైట్ అని, తలకిందులుగా పెట్టిన పెరిస్కోప్ ఉండేది. దాని చివర విమానం పొట్ట కింద గాజు బుడగలో ఉంటుంది, ఇటు చివర పైలట్ ముఖం ముందు గుండ్రటి తెర. చిన్న పిడి తిప్పితే చూపు ముందుకు, వెనక్కి, పక్కలకు పోతుంది. రైలు పట్టాలు, నది వంపులు చూసుకుంటూ దారి సరిచూసుకునేవారు. మొదటి మోడళ్లలో అదే తెర మీద సెక్స్టంట్ కూడా కనిపించేది, సూర్యుణ్ని, నక్షత్రాలను కొలిచి తమ చోటు తెలుసుకోవడానికి. జీపీఎస్ లేని రోజులు, శత్రు దేశం మీద రేడియో వాడకూడని ప్రయాణాలు.

ఇంకో చిన్న వస్తువు నాకు భలే నచ్చింది. కాక్‌పిట్ గాజు కప్పు అంచున బయటి వైపు ఒక అద్దం బిగించి ఉంటుంది, వెనక ఏముందో చూడటానికి. వెనక తెల్లటి పొగ గీత పడుతోందా లేదా అని పైలట్ అందులో చూసుకుంటాడు. గీత పడితే కింద ఉన్నవాడు మామూలు కంటితోనే పట్టేస్తాడు. పైలట్ ఎత్తు మార్చి గీత పోయేదాకా చూస్తాడు.

ఫొటోల విషయానికొస్తే, తడి ఫిల్ము వాడే పెద్ద పనోరమా కెమెరా 2022 దాకా ఆ విమానంలో నడిచింది. అంతా డిజిటల్ అయిపోయిన కాలంలో, ఒక్క ప్రయాణంలో అంత వెడల్పు నేలను అంత స్పష్టంగా పట్టేది ఆ ఫిల్మే.

పాలమూరు బిడ్డ · ఆదివారం మధ్యాహ్నం 1:30

అందరూ బాగా రాశారు. కానీ నేను వేరే మాట అడుగుతా. ఇంత కష్టపడి మనిషిని అక్కడ కూర్చోబెట్టడం దేనికి? 1960 మే 1న గ్యారీ పవర్స్ పెషావర్ నుంచి బయలుదేరి రష్యా మీదికి పోతే స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర క్షిపణితో కూల్చారు. విమానం తిరగబడి పోతుంటే ముందుకు విసిరేసినట్టు అయ్యాడు, ఆ స్థితిలో సీటు ఎజెక్ట్ చేస్తే కాళ్లు తెగిపోతాయని అద్దం తెరిచి పాక్కుంటూ బయటపడ్డాడు, ఆక్సిజన్ గొట్టాలు ఇంకా లోపలికే లాగుతున్నాయట. 1962 అక్టోబర్ 27న క్యూబా మీద రుడాల్ఫ్ ఆండర్సన్ ప్రాణమే పోయింది, క్షిపణి ముక్కలు సూట్‌ను చీల్చాయి. ఇప్పుడు గ్లోబల్ హాక్ డ్రోన్ 60,000 అడుగుల్లో 30 గంటలకు పైగా ఎగురుతుంది. ఉపగ్రహాలు సరేసరి. మనోళ్లు కూడా 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని షియోపూర్ నుంచి డీఆర్‌డీఓ ఎయిర్‌షిప్‌ను 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు, గంటకు పైగా ఎగిరింది, లోపల మనిషి లేడు. నర్సమ్మ చెప్పిన మెదడు మచ్చలు చదివిన తర్వాత కూడా ఆ సీటు మీద ఆశ పెట్టుకోవాలా? ఆ అమ్మాయి మంచి కోరే అడుగుతున్నా.

కల్వకుర్తి మాజీ ఫిట్టర్ · ఆదివారం సాయంత్రం 4:10

తమ్ముడూ, నీ మాటలో న్యాయం ఉంది. కానీ రెండు సంగతులు.

ఉపగ్రహం ఎప్పుడు ఎవరి నెత్తి మీదికి వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. వచ్చే సమయానికి లారీల మీద టార్పాలిన్ కప్పేస్తారు. విమానం ఎప్పుడు వస్తుందో పంపేవాడికే తెలుసు. డ్రోన్ కూడా కూలుతుంది, 2019 జూన్‌లో ఇరాన్ గ్లోబల్ హాక్ రకం డ్రోన్‌నే కూల్చింది. ఇంకోటి, పైన ఇంజిన్ ఆగిపోవడం పాత యూ-2లకు తరచూ జరిగేది. అంత పలుచని గాలిలో మళ్లీ స్టార్ట్ కాదు. 35,000 అడుగుల దాకా గ్లైడ్ చేస్తూ దిగి, అక్కడ ఇంజిన్ వెలిగించుకుని, మళ్లీ పైకి ఎక్కేవారు. దిగుతున్నంతసేపూ సూట్ ఉబ్బే ఉంటుంది. కింద శత్రు దేశం ఉంటే ఎక్కడిదాకా దిగాలి, ఏ దిక్కుకు తిరగాలి అన్న నిర్ణయం ఆ మనిషిదే.

మన దేశం సంగతి కూడా అమ్మాయికి తెలియాలి. 1959 ఏప్రిల్ 10న మన 106 స్క్వాడ్రన్ కాన్‌బెర్రా నిఘా విమానాన్ని రావల్పిండి దగ్గర కూల్చారు, ఇద్దరు సిబ్బందీ బతికి తిరిగొచ్చారు. 1962 యుద్ధం తర్వాత అమెరికా యూ-2లకు ఒడిశాలోని చార్‌బటియా ఎయిర్‌ఫీల్డ్ వాడుకోవడానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. 1964 మేలో అక్కడి నుంచి చైనా సరిహద్దు వైపు ఎగిరాయి. నెహ్రూ గారు పోవడంతో ఆ ప్రయాణాలు ఆగాయి. ఈ చార్‌బటియా సంగతి 2013లో అమెరికా పత్రాలు బయటపెట్టాక అధికారికంగా తెలిసింది. ఆ తర్వాత 1981లో మనం సోవియట్ మిగ్-25 నిఘా విమానాలు తెచ్చుకున్నాం. బరేలీలోని 102 స్క్వాడ్రన్. శబ్దానికి రెండున్నర రెట్లు దాటిన వేగం, 20 కిలోమీటర్ల పైన ఎత్తు, లోపల ఒక్కడే పైలట్, ఆయనకూ ప్రెషర్ సూటే. పాతికేళ్లు అవి ఎక్కడెక్కడ ఏం ఫొటోలు తీశాయో తెలిసినవాళ్లు ఇప్పటికీ నోరు విప్పరు. 2006 మే 1న రిటైర్ చేశారు. ఇప్పుడు మన దగ్గర అట్లాంటి సీటు లేదు, ఆ పని ఉపగ్రహాలు, డ్రోన్లు చేస్తున్నాయి. కాబట్టి ఆ సీటు కోసమే పైలట్ అవ్వమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ సీటులో మనిషి తన శ్వాసను, నీళ్లను, కీళ్ల నొప్పిని కూడా ఒక మీటరు చూసినట్టు చూసుకోవడం నేర్చుకున్నాడు. ఏ విమానం ఎక్కినా ఆ అలవాటు పనికొస్తుంది.

పాలమూరు బిడ్డ · ఆదివారం సాయంత్రం 4:45

అన్నా, మిగ్-25 సంగతి నాకు కొత్త, థాంక్స్. నా అభిప్రాయం మాత్రం అట్లనే ఉంది. పని జరగాలి, మనిషి కిందనే ఉండాలి.

గద్వాల లారీ డ్రైవర్ · ఆదివారం సాయంత్రం 6:30

దించడం గురించి ఎవరూ రాయలేదు. యూట్యూబ్‌లో చూశా. రెక్కలకు చక్రాలు లేవు, పొట్ట కింద ముందొకటి వెనకొకటి, రెండే చోట్ల చక్రాలు. హెల్మెట్ వల్ల, ముక్కు వల్ల పైలట్‌కి రన్‌వే సరిగా అగుపడదు. వెనకాలే ఒక కారు గంటకు రెండు వందల కిలోమీటర్ల దాకా స్పీడు అందుకుని ఉరుకుతది. కారు నడిపేది కూడా యూ-2 పైలటే. రేడియోలో "పది అడుగులు, అయిదు, మూడు, రెండు" అని చెప్తుంటడు. రెండు అడుగుల దగ్గర విమానాన్ని కావాలనే స్టాల్ చేసి కూర్చోబెడతరు. ఇరుకు సందులో లారీ రివర్స్ తీసేటప్పుడు మా క్లీనర్ వెనక నిలబడి "రానీ, రానీ, ఇంకా రానీ" అన్నట్టే. క్లీనర్ నోరు నమ్మకపోతే లారీ కదలదు. ఆగినంక ఒక రెక్క నేలకు ఆనుతది, అప్పుడు మనుషులు పైకి లేచిన రెక్క కొస పట్టుకుని వేలాడి నిటారు చేసి, రెక్కల కింద చిన్న చక్రాలు బిగిస్తరు. పొద్దంతా ట్యూబు తిండి తిని, అలిసి, ఆఖరికి చేసేది అన్నిటికంటే కష్టమైన పని. లోడు దింపేచోటనే యాక్సిడెంట్లు ఎక్కువ జరుగుతయని మా పెద్దలు చెప్పేవాళ్లు.

చండూరు పత్తి రైతు · ఆదివారం రాత్రి 8:00

మీరు అమెరికా, రష్యా అంటున్నరు కానీ అంతకంటే ఎత్తు నుంచి వచ్చే సామాను మన చేన్లల్లోనే పడుతుంటది. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉంది. బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతయి. తర్వాత పెట్టెను పారాచూట్‌తో దింపుతరు. ఎగరేసే ముందు పేపర్లల్ల ప్రకటన వస్తది, నల్గొండ, మహబూబ్‌నగర్ దాకా ఎక్కడైనా పడొచ్చు, పెట్టె విప్పకండి, లోపల కరెంటు ఉండొచ్చు, పోలీసులకు చెప్పండి అని. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో పెద్ద గుండ్రటి డబ్బా దిగితే జనం గ్రహాంతర వాహనం అని ఎగబడ్డరు. అది ఒక స్పెయిన్ కంపెనీ మనుషులను పైకి తీసుకుపోవడానికి పరీక్ష చేస్తున్న ఖాళీ క్యాప్సూల్. 2005లో ఇస్రో ఇక్కడి నుంచే పంపిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి పట్టుకొస్తే అందులో కొత్త రకం బ్యాక్టీరియా మూడు దొరికినయి, హైదరాబాద్ సీసీఎంబీ ప్రయోగశాల వాళ్లు పరీక్షించిన్రు. పెట్టె పడితే దయచేసి కత్తి పెట్టి కోయకండి. ఎవరి ఏండ్ల కష్టమో అందులో ఉంటది. ఆ పలుచని ప్లాస్టిక్ షీటు కూడా వదిలేయండి, పశువులు తింటే కడుపులో ఉండలు కడతయి.

నకిరేకల్ ఫిజిక్స్ సార్ · ఆదివారం రాత్రి 9:15

రైతన్న చాలా ముఖ్యమైన మాట చెప్పారు. మా స్కూల్ నోటీసు బోర్డులో ఆ ప్రకటన ఈసారి పెడతాను.

కింద ఏం కనిపిస్తుందన్న ప్రశ్న మిగిలింది. విమానం ఎత్తును కిలోమీటర్లలో తీసుకుని, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుంటే, కనుచూపు దూరం = వర్గమూలం (2 × 6371 × ఎత్తు). 21 కిలోమీటర్లకు సుమారు 517 కిలోమీటర్లు వస్తుంది. అంటే సరిగ్గా నల్గొండ క్లాక్ టవర్ మీద 70,000 అడుగుల్లో ఉంటే, గాలి తేటగా ఉన్న రోజున, దక్షిణాన చెన్నై, తూర్పున విశాఖ, ఉత్తరాన నాగ్‌పూర్, నైరుతిలో బెంగళూరు, నాలుగూ ఆ హద్దు లోపలే. కృష్ణ నల్లమలలో మెలికలు తిరిగి సాగర్ దాకా వచ్చే దారి మొత్తం కాళ్ల కిందే ఉంటుంది. ఆకాశం మాత్రం పగలే నల్లబడి ఉంటుంది, వెలుతురును చెదరగొట్టే గాలి పైన మిగల్లేదు కాబట్టి. ఒక విషయం గమనించమనండి: మన దగ్గర 17 కిలోమీటర్ల ప్రాంతంలో చలి సున్నా కింద 80 డిగ్రీల దాకా ఉంటుంది, ఇంకా పైకి పోతే మళ్లీ కొంచెం వేడి పెరుగుతుంది. ధ్రువాల దగ్గర ఎండాకాలంలో అదే ఎత్తులో ఇంత చలి ఉండదు. ఎందుకో ఆమెనే ఆలోచించమనండి.

దేవరకొండ మామ · సోమవారం రాత్రి 7:50

అందరికీ చేతులెత్తి దండం. ప్రింట్ తీసి ఇచ్చాను, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివింది. పాలమూరు తమ్ముడి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది, మనిషి లేకపోయినా విమానాన్ని తయారు చేసేవాళ్లు ఉండాలి కదా అంది. ఫిట్టర్ సార్, ఎయిర్‌ఫోర్స్‌కి దారి ఏమిటో కూడా చెప్పండి. ఇంకా, బెలూన్ ఎత్తు 40 కిలోమీటర్లకు కనుచూపు 714 వచ్చిందట, సరేనా అని సార్‌ను అడగమంది.

నకిరేకల్ ఫిజిక్స్ సార్ · సోమవారం రాత్రి 8:20

714 సరైనదే. 20 కిలోమీటర్లకు ఎంతో కూడా చేయమనండి, 505 వస్తుంది. ఎత్తు రెట్టింపు చేస్తే చూపు రెట్టింపు కాలేదని ఆమెకే తెలుస్తుంది.

కల్వకుర్తి మాజీ ఫిట్టర్ · సోమవారం రాత్రి 8:45

ఇంటర్ అయ్యాక ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయొచ్చు, 2022 నుంచి అమ్మాయిలను కూడా తీసుకుంటున్నారు. డిగ్రీ లేదా ఇంజినీరింగ్ అయ్యాక అయితే ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష. రెండింటికీ, ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, ఆమెకు రెండూ ఉన్నాయి. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్ 18న కమిషన్ అందుకున్నది మన పక్కనే, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో. కంటి పరీక్ష ముందే ఒకసారి మంచి డాక్టర్ దగ్గర చేయించండి. తయారు చేసేవాళ్లు కావాలన్న ఆమె మాట నాకు బాగా నచ్చింది, టెక్నికల్ బ్రాంచ్ కూడా ఉందని చెప్పండి.

గద్వాల లారీ డ్రైవర్ · సోమవారం రాత్రి 9:30

సార్, ఒక్కటి. నల్గొండ మీద నుంచి చెప్పిన్రు. మా గద్వాల మీద నుంచి చూస్తే ఏమేం అగుపడతయి?

నకిరేకల్ ఫిజిక్స్ సార్ · సోమవారం రాత్రి 10:05

ఇప్పుడే లెక్క చేశాను తమ్ముడూ. గద్వాల నుంచి తూర్పున బాపట్ల తీరం సుమారు 300 కిలోమీటర్లు. పడమర గోవా తీరం సుమారు 430. రెండూ 517 లోపలే. మబ్బు, మంచు లేని రోజున, మీ ఊరి మీద 70,000 అడుగుల్లో కూర్చున్న పైలట్ తల ఇటు తిప్పితే బంగాళాఖాతం, అటు తిప్పితే అరేబియా సముద్రం. నల్గొండ మీద నుంచి అయితే అరేబియా అందదు. ఈ రెండూ ఒకేసారి అందే ఊళ్లు మన తెలంగాణలో ఇంకేం ఉన్నాయో మ్యాప్ ముందు పెట్టుకుని చూస్తున్నాను. మక్తల్, నారాయణపేట దాకా వచ్చాను.